శిక్ష వేయించుకోవడానికి సముద్రం దాకా

కొత్తపేట నుంచి సముద్రపు ఒడ్డుకి ఒక్క రోజులో వెళ్ళి రావచ్చా అని కిందటి టపా చదివిన ఇద్దరు ముగ్గురు అడిగారు. రావచ్చు. పోయిన నెల మేం వెళ్ళి వచ్చాం. అయితే మేం వెళ్ళింది సముద్రం చూడడానికి కాదు, మా ఫుట్‌బాల్ క్లబ్బుకి ఏ శిక్ష పడుతుందో తేల్చుకోవడానికి. అందుకే ఆ ఊరి పేరు రాయడం లేదు. మలికిపురం దాటాక సముద్రం వైపు చీలే దారుల్లో ఒకదాని చివర ఉందనుకోండి. దారి, ఖర్చు మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను.

మా వైపు కబడ్డీ, వాలీబాల్ ఎక్కువ. ఫుట్‌బాల్ మా డ్రిల్లు మాస్టారి వల్ల వచ్చింది. రిటైరయ్యాక ఆయనే క్లబ్బుకి ప్రెసిడెంటు. కోనసీమలో ఇలాంటి క్లబ్బులు ఇంకొన్ని ఉన్నాయి. కోతలయ్యాక ఏటా ఒక ఊరి చేలో టోర్నమెంటు పెడతారు. ప్రతి టికెట్టు మీదా ఒక రూపాయి దెబ్బల నిధికి తీయాలని, ఎవరికి దెబ్బ తగిలినా అందులోంచే వైద్యం చేయించాలని అందరూ కలిసి పెట్టుకున్న కట్టుబాటు ఉంది. కిందటేడు టోర్నమెంటు మా ఊళ్ళో జరిగింది. మాతో ఆడిన సెమీఫైనల్లో ఆ సముద్రపు ఊరి గోల్‌కీపరు దుర్గాప్రసాదు బంతి కోసం దూకి మోకాలు పోగొట్టుకున్నాడు. అతను కొబ్బరి దింపు తీసే మనిషి. చెట్టెక్కితేనే కూలి. వైద్యానికి నిధి అడిగితే నిధి లేదన్నారు. మా సెక్రటరీ ఆ డబ్బుతో బయటి నుంచి ఇద్దరు ఆటగాళ్ళను తెప్పించాడు. వాళ్ళ వల్లే మాకు కప్పు వచ్చింది. సంగతి బయటపడ్డాక సెక్రటరీ రాజీనామా చేశాడు. మిగతా క్లబ్బులన్నీ కూర్చుని, నష్టపోయిన ఊరే శిక్ష చెప్పాలి, దానికి మేం కట్టుబడాలి అని తేల్చాయి. రెండేళ్ళు మమ్మల్ని ఆడనివ్వకూడదని ఆ ఊరి కుర్రాళ్ళు పట్టుబట్టినట్టు మాకు తెలిసింది. రెండేళ్ళు ఆడకపోతే మా క్లబ్బు ఉండదు. అందుకని మాస్టారు, జెర్సీలు కుట్టే టైలరు సత్తిబాబు, అభిమానుల తరఫున నేను, ముగ్గురం ఒక ఆదివారం బయలుదేరాం.

పొద్దున్న ఆరున్నర బస్సుకి కొత్తపేటలో ఎక్కితే అమలాపురానికి గంట ప్రయాణం, పదకొండు రూపాయలు. అక్కడ బస్‌స్టాండు బయట ఇడ్లీ తిని రాజోలు బస్సెక్కాం. టికెట్టు పదిహేను. అంబాజీపేట, గన్నవరం మీదుగా వెళుతుంది. కిటికీ పక్కన కూర్చోండి. గన్నవరం దగ్గర నది పైన కట్టిన వంతెన మీద కాలవ పారుతుంది, చూడదగ్గది. మేం దాన్ని చూడలేదు. వాదించుకుంటున్నాం.

"సెక్రటరీ చేసినదానికి క్లబ్బుకెందుకండీ శిక్ష?" అన్నాడు సత్తిబాబు. "ఆయన్ని జన్మలో మళ్ళీ రానివ్వద్దు. అంతే."

"ఆయన మాత్రం ఇంటికేం పట్టుకెళ్ళేడోయ్? మన ఆటకే ఖర్చుపెట్టేడు" అన్నారు మాస్టారు.

"అయితే తప్పు లేదంటారా?" అన్నాను.

"తప్పే. తప్పుకి తగ్గ శిక్ష ఉండాలంటున్నాను. ఇరవైమంది కుర్రాళ్ళ ఆట ఆపితే ఆ ప్రసాదు మోకాలు బాగవుతుందా?"

టికెట్లు కొట్టడం అయిపోయిన కండక్టరు మా సీటుకి ఆనుకుని నిలబడ్డాడు. "ఏ క్లబ్బండీ? ఆ కప్పు గెలిచినోళ్ళా? కప్పిచ్చెయ్యండి బాబూ, గొడవొదిలిపోద్ది."

"కప్పెందుకిస్తాం? గోల్సు మేం కొట్టలేదా?" సత్తిబాబు సర్రున లేచాడు.

"మీరు కొట్టేరా, అద్దెకి తెచ్చినోళ్ళు కొట్టేరా?"

"అద్దెకి తెచ్చుకున్నా మావోళ్ళేనండి. పెళ్ళికి బాజాలు అద్దెకి తెస్తే పెళ్ళి బాజాలోడిది అవుద్దా?"

"ఆ బాజాల అద్దె పక్కింటోడి చేత కట్టిస్తే మాత్రం, పెళ్ళి భోజనంలో వాడికి మొదటి విస్తరెయ్యాలి కదండీ" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. సత్తిబాబు కూర్చున్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

రాజోల్లో దిగేసరికి తొమ్మిదిన్నర. అక్కడి నుంచి మలికిపురానికి బస్సులు, షేర్ ఆటోలు బోలెడు. వెంటనే ఎక్కితే పదిన్నరకల్లా ఊళ్ళో ఉంటాం. మాస్టారు ఎక్కనివ్వలేదు. టీ కొట్టు బల్ల మీద కూర్చుని పేపరు తెరిచారు.

"ఇప్పుడెళితే ఎండలో అరుగు మీద కూర్చోబెట్టి మాటలంటారు. పన్నెండు దాటాక వెళదాం. వెంకట్రాజుగారింట్లో అన్నం పెట్టకుండా ఏ మాటా ఎత్తరు. పెట్టేక గట్టిగా మాట్లాడలేరు" అన్నారు.

వెంకట్రాజుగారంటే ఆ ఊరి క్లబ్బు పెద్ద. ఆట పెట్టే చేను ఆయనదే. ఇంటికొచ్చి తన చేతి అన్నం తిన్న మనిషి మీద కోపం చూపించడం ఆ వైపు ఎవరికీ చేతకాదు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. "మాస్టారి బుర్రే బుర్రండీ" అన్నాడు సత్తిబాబు. నేను ఇంకో టీ తాగాను.

మలికిపురం నుంచి ఆ ఊరికి ఆటో పూర్తిగా మాట్లాడుకుంటే అరవై అడుగుతారు, యాభైకి వస్తారు. మొదట కొబ్బరి తోటలు, తర్వాత రొయ్యల చెరువులు, ఆ తర్వాత ఇసక నేలలో సరుగుడు తోటలు. సముద్రం కనపడదు, హోరు వినపడుతుంది. హోటళ్ళు లేవు.

వెంకట్రాజుగారు వీధిలోకి ఎదురొచ్చారు. "రండి మాస్టారూ, రండి. పొద్దున్నే వస్తారనుకున్నామండి. బస్సందలేదా?"

"ఆయ్, రాజోల్లో కొంచెం ఆలస్యమైందండి" అన్నారు మాస్టారు.

"పర్లేదండి. కాళ్ళు కడుక్కోండి. ముందు భోజనం."

అరుగు మీద ఆరేడుగురు కుర్రాళ్ళు ఉన్నారు. వాళ్ళ కెప్టెను బుల్లబ్బాయి మా వైపు చూసి నమస్కారం పెట్టలేదు. స్తంభానికి ఆనుకుని, కర్ర పక్కన పెట్టుకుని దుర్గాప్రసాదు కూర్చుని ఉన్నాడు. కుడికాలు చాపుకునే ఉన్నాడు. ఆ కాలు దాటి లోపలికి వెళ్ళాలి. అతను చేత్తో దాన్ని పక్కకి లాక్కున్నాడు.

లోపల మూడే ఆకులు వేశారు. అతిథులు తిన్నాకే ఊరివాళ్ళు తింటారట. వడ్డన కుర్రాళ్ళది. రెండేళ్ళ శిక్ష కావాలన్న బుల్లబ్బాయే అన్నం గిన్నె పట్టుకొచ్చాడు. పనసపొట్టు కూర, రొయ్యల ఇగురు, కొరమీను పులుసు, గడ్డపెరుగు. "మారు వడ్డించరా అబ్బాయ్, ఆకు ఖాళీగా ఉంది" అని వెంకట్రాజుగారు అంటున్నకొద్దీ అతను వంగి వడ్డిస్తున్నాడు. మొదటిసారి ముఖం గంటు పెట్టుకుని వడ్డించాడు. మూడోసారికి "పులుసులో ఉప్పు సరిపోయిందాండి?" అని అడిగాడు. మాస్టారు నా వైపు చూశారు. నేను ఆకులోకి చూశాను. పులుసు చాలా బాగుంది. అది రాయకపోతే అబద్ధమవుతుంది.

చేతులు కడుక్కుని అరుగు మీదకి వచ్చాం. మాట మొదలైంది.

"మేమైతే రెండేళ్ళు అనుకున్నామండి" అన్నాడు బుల్లబ్బాయి.

"ఒరే, వాళ్ళ చేతి తడైనా ఆరలేదు" అన్నారు వెంకట్రాజుగారు.

"అంటే... ఒక ఏడైనా."

"ఏడంటే ఒక్క టోర్నమెంటే కదండీ" అన్నాడు సత్తిబాబు. "వచ్చే టోర్నమెంటు ఒక్కటీ మానేస్తాం. కావాలంటే కప్పు కూడా తీసుకోండి."

"కప్పు మేమేం చేసుకుంటామండి, సెమీఫైనల్లోనే ఓడిపోయేం కదా!" ఎవరో అన్నారు. కుర్రాళ్ళు నవ్వారు. వాళ్ళతోపాటు మేమూ నవ్వాం. అక్కడితో రెండేళ్ళు ఒక్క టోర్నమెంటు అయింది. కొబ్బరికాయల బేరం కూడా అంత సులువుగా తెగదు.

"ఏరా ప్రసాదూ, నువ్వేమంటావు?" అన్నారు వెంకట్రాజుగారు.

దుర్గాప్రసాదు కర్ర దగ్గరికి లాక్కున్నాడు. "నేనేటంటానండి. పెద్దాయన అన్నం పెట్టేక నేను కాదంటే ఆయన మాట పోద్ది."

"అలా కాదు, మనసులో ఉన్నది చెప్పవయ్యా" అన్నాను నేను. అప్పటికి నా కడుపు నిండి ఉంది.

"చెప్దారనే పొద్దున్న ఏడింటికొచ్చి కూకున్నానండి. మీరు భోజనాలకి ముందే దిగుతారు, అప్పుడడుగుదారనుకున్నాను. రాజోల్లో టీ కొట్టు దగ్గర మిమ్మల్ని చూసేనని మా బావ తొమ్మిదిన్నరకే ఫోను చేసేడు." అతని గొంతులో కోపం లేదు. "ఇప్పుడెందుకులెండి. మజ్జిగిచ్చేరా మీకు?"

వెంకట్రాజుగారు మాస్టారి వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుని, మజ్జిగ తెమ్మని లోపలికి కేకేశారు. మాస్టారు కండువా సర్దుకున్నారు. మజ్జిగ వచ్చింది, తాగాం. మోకాలికి ఇంకో ఆపరేషను కావాలన్న మాట బుల్లబ్బాయి ఎత్తాడు. కమిటీలో పెడతాం అన్నారు మాస్టారు. దాని మీద ఎవరూ ఇంకేం అడగలేదు. మేం లేచాక వాళ్ళు ఆకులు వేసుకున్నారు. అప్పుడు మూడు దాటింది. దుర్గాప్రసాదు పొద్దున్న ఏడింటి నుంచి అక్కడే ఉన్నాడు.

సముద్రం అక్కడికి అరకిలోమీటరే. సత్తిబాబు చూసొద్దామన్నాడు. నాకు వెళ్ళబుద్ధి కాలేదు. తిరుగు ఆటోలో వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. రాజోల్లో నాలుగున్నర బస్సు దొరికింది, కొత్తపేట చేరేసరికి దీపాలు పెట్టారు. మొత్తం ఖర్చు మనిషికి నూట ఇరవై లోపే, భోజనం ఖర్చు లేదు కాబట్టి.

మర్నాడు కమిటీలో ఒక్క టోర్నమెంటే శిక్ష అని మాస్టారు చెప్పగానే చప్పట్లు కొట్టారు. ఆపరేషను సంగతి నేను ఎత్తాను. అది వాళ్ళు అడిగిన శిక్షలో లేదు కదా అన్నారు. లేదు, నిజమే. అడగనివ్వలేదు కాబట్టి లేదు. క్లబ్బు తప్పు చేస్తే ఆటగాళ్ళను శిక్షించాలా, డబ్బు ముట్టినవాణ్ణా, కప్పు చూసి చప్పట్లు కొట్టిన మమ్మల్నా అని బస్సులో అంతసేపు వాదించుకున్నాం. ఇప్పటికీ నాకు తెలియదు. శిక్ష చెప్పే మనిషి నోరు ముందే కట్టేస్తే, ఆ తర్వాత ఏ శిక్షా న్యాయం కాదని మాత్రం తెలిసింది. అతను ఏం అడగాలనుకున్నాడో మాలో ఎవరికీ తెలియదు. ఈ ఆదివారం ఒక్కణ్ణే వెళుతున్నాను.

అటు వైపు ఏదైనా మాట్లాడుకోవడానికి వెళ్ళేవాళ్ళకి చివరగా ఒక మాట: రాజోల్లో ఆగకండి. తొమ్మిదిన్నరకి దిగిన వెంటనే ఆటో ఎక్కేయండి. వాళ్ళు అన్నం పెట్టకుండా పంపరు, ఎలాగూ తినాలి. వాళ్ళు చెప్పేది విన్నాక తినండి.