నడిచేవాళ్ళకు కొనని లైటు

ఇరుళాయికి కోపం కొత్త కాదు. మదురైలో కార్పొరేషన్ చీపురు పట్టిన తెలుగువాళ్ళ ఇంట్లో పుట్టి, ఆ చీపురే తనూ పట్టిన ఆడదానికి కోపం లేకపోతే ఇంకెవరికి ఉంటుంది? కానీ ఆ రోజు వచ్చిన కోపం వేరు.

ఆమె ఊడ్చే కూడలికి కొత్త సిగ్నల్ కొన్నారు. అబ్బబ్బ, ఏం సిగ్నల్! కెమెరాలు, అంకెలు దిగే పలకలు, తళతళలాడే స్తంభాలు. కార్లకు లైటు, బస్సులకు లైటు, పక్కకు తిరిగే బైకులకు కూడా విడిగా ఓ బాణం. నడిచి దాటే మనిషికి మాత్రం లేదు. ఆ లైటు బిగించాల్సిన చోట ఒట్టి ఇనుప కొక్కెం వేలాడుతోంది.

పోయిన ఏడు ఇక్కడే, చెత్తబండి తోసుకుంటూ దాటుతున్న వదిన సెల్లాయిని వ్యాను గుద్దింది. ఎడమకాలు తీసేశారు. ఇప్పుడు ఆ బండి ఇరుళాయిది. అందుకే వార్డు మీటింగులో గొంతు చించుకుని అడిగింది, నడిచేవాళ్ళకూ లైటు పెట్టండని. ఇంజనీరు అనంతరామ కోయంబత్తూరువాడు, మిల్లులున్న ఇంటివాడు. "పెట్టిస్తాలే అమ్మా" అన్నాడు, అచ్చం ఇరుళాయి ఇంట్లో మాట్లాడే తెలుగులో. మన మాట మాట్లాడాడు కదా అని ఈ పిచ్చిది కరిగిపోయి, మళ్ళీ అడగలేదు.

ప్రారంభోత్సవం నాడు తెల్లారి కూడలి ఊడ్చి, ముగ్గుపిండి చల్లి, తలెత్తి చూస్తే కొక్కెం బోసిగా ఉంది.

"సార్, మా లైటు ఏది?" అంది తెలుగులో.

అనంతరామ అటూ ఇటూ చూసి తమిళంలో జవాబిచ్చాడు. నడిచేవాళ్ళది వచ్చే టెండర్‌లో కొంటారట. కౌన్సిలర్ వస్తున్నాడు, పక్కకు తప్పుకోమన్నాడు.

ఛీ! మాటిచ్చేటప్పుడు గుర్తొచ్చిన తెలుగు, తప్పేటప్పుడు నోటికి రాలేదా?

ఇరుళాయి చీపురు అక్కడే పడేసి పక్క సందులో ఉన్న ఇంటికి పోయింది. గడపలో కూర్చున్న సెల్లాయి పక్కనే ఆమె రబ్బరు చెప్పుల జత ఉంది. ఎడమది ఇంకా కొత్తగానే ఉంది. దాన్ని తీసుకుంది.

"ఏమే, చెప్పు తీసుకోని యాడికి?"

"నీ కాలు యాడుందో సార్‌కి చూపించొస్తా వదినె."

పోలీసులు, పూలదండలు, మైకు. అందరూ చూస్తుండగానే మున్ముందుకు పోయి, కౌన్సిలర్ రిబ్బను కత్తిరించాల్సిన స్తంభానికున్న ఆ కొక్కేనికే చెప్పు తగిలించింది. జనం నోళ్ళు తెరిచారు. కౌన్సిలర్ మొహం మాడిపోయింది.

"తీసెయ్యండి దాన్ని!" అని అనంతరామ తమిళంలో అరిచాడు, చీపుర్లు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళ వైపు చూసి. రోడ్డు మీద ఏం పడినా తీసేది వాళ్ళే కదా. ఒక్కరూ కదల్లేదు.

ఇరుళాయి అతని కళ్ళలోకి చూసింది. తెలుగులోనే చెప్పింది.

"వచ్చే టెండర్‌లో తీస్తాం సార్."