పొయ్యిలో వేసిన వారపత్రిక

కొత్త పుస్తకం వాసనంటే ప్రాణమని చాలామంది అంటుంటారు. నాకు మాత్రం అట్ట తెరవగానే ముందు భయమేస్తుంది. పోయిన నెల నెల్లూరులోని మా ఇంటికి, సమీక్ష రాయమని, పోస్టులో మూడు నవలలు వచ్చాయి. కట్టు విప్పి, జిగురు వాసన ఇంకా పోని పై పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నానో లేదో, ఎండు నెత్తళ్ల వాసన, తడిసిన వల వాసన, గంప అడుగున నీచునీళ్లు పీల్చుకున్న కాగితం వాసన ఒకదాని వెనుక ఒకటి వచ్చేశాయి. పుస్తకంలో అవేమీ లేవని నాకూ తెలుసు. చిన్నప్పుడు నాకు కథలు అందింది చేపల గంపలో కాబట్టి, యాభై దాటినా నా ముక్కు ఆ సంగతి మరవడం లేదు.

మాది అల్లూరుకు తూర్పున, సముద్రం ఒడ్డునున్న చిన్న పల్లె. మా మేనత్త పోలమ్మ పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని అల్లూరు పోయి చేపలు అమ్ముకొచ్చేది. అక్కడ వాడుకగా కొనే ఒక టీచరమ్మ తాను చదివేసిన వారపత్రికను అత్త చేతికిచ్చేది, అత్త దాన్ని ఖాళీ గంపలో వేసి నాకు తెచ్చేది. అత్తకు అక్షరం ముక్క రాదు. పదేళ్ల నేను, మా వీధి ఆడవాళ్లలో తడుముకోకుండా చదవగలిగిన ఒకే ఒక్కదాన్ని. మధ్యాహ్నం తాటాకు పంచలో అందరూ కాళ్లు చాపుకుని, చిరిగిన వలలకు కన్నులు వేసుకుంటూ కూర్చుంటే, మధ్యలో నేను బాసింపట్లు వేసుకుని సీరియల్ చదివేదాన్ని. కూలికింద ఎవరో ఒకరు నా ఒళ్లో గుప్పెడు వేరుశనక్కాయలు పోసేవారు. నేను చూసిన మొదటి విమర్శకులు వాళ్లే. చేపల పులుసు దించిన వెంటనే కథలో పెళ్లాం మొగుడికి వడ్డించిందని రాసిన రచయిత్రికి వంట రాదని తేల్చేశారు, పులుసు ఒక పూటన్నా ఊరకపోతే అదేం పులుసని.

ఆ సీరియల్ ఒక పడవవాడిది, అతని పెళ్లానిది. అందుకే దానిమీద అంత మోజు. కానీ మా ఇళ్లల్లో ఒక కట్టడి ఉండేది. మగవాళ్లు సముద్రంలో ఉన్నంతసేపూ మునగడమనే మాట ఎవరి నోటా రాకూడదు; బావిలో బిందె మునిగినా, దిగింది అనాలి. కథలో అలాంటి చోటు వస్తే పుస్తకం బోర్లా పెట్టేసి, పడవలన్నీ ఒడ్డుకు వచ్చాకే మిగతాది చదవాలి.

కార్తీక మాసంలో వారం రోజులు వానలు పడి, ఒక తెల్లవారుజామున తెరిపిచ్చింది. అందరితోపాటు మా నాయన, పోలమ్మత్త మొగుడైన మా మామ వేర్వేరు పడవల్లో పోయారు. మధ్యాహ్నానికి గాలి దిశ మారింది, సముద్రం బురద రంగుకు తిరిగింది, పడవల జాడ లేదు. ఆడవాళ్లు పంచలోనే కూర్చున్నారు గానీ వల ఒకచోట, చూపు ఒకచోట. ఆ భయాన్ని కాసేపు మరిచిపోదామనేమో, అత్త నన్ను పుస్తకం తీయమంది. చదువుతూ చదువుతూ నా కన్ను రెండు వాక్యాలు ముందుకు పోయింది. అక్కడ పడవ మునుగుతోంది. చదవడం ఆపేశాను.

"ఆపినావేంది పాపా?" అంది అత్త.

ఆపితే, ఏదో చెడు ఉందని ఆ నిమిషానే అందరికీ తెలిసిపోతుంది. ఆ ముఖాలు చూసి ఆపే ధైర్యం లేక, కళ్లు మూసుకున్నట్టుగా గబగబా చదివేశాను. ఆ మాట నా నోటితోనే అన్నాను. ఒకావిడ లేచి నా చేతిలోంచి పుస్తకం తీసుకుని బోర్లా పెట్టింది.

నాయన పడవ దీపాలు పెట్టేవేళకు వచ్చింది. మామ పడవ మర్నాడు, పక్క చెక్కలు ఊడి, ఇద్దరితోనే వచ్చింది. మామ రాలేదు.

నన్నెవరూ తిట్టలేదు, అదే నాకు మరీ భయం. అత్త నావైపు చూసినప్పుడల్లా ఆ మాట ఎందుకన్నావని ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది అని కంచం ముందునుంచి లేచిపోయేదాన్ని. కొన్ని నెలలకు ఆమె మళ్లీ గంపెత్తింది. టీచరమ్మ ఆమెకోసం దాచిన తరువాతి సంచిక తెచ్చి నా ముందు పెట్టింది.

"ఆ పడవోడి పెళ్లాం ఆ తరవాత ఏం చేసినాదో చూడు పాపా."

నేను పేజీలు తిప్పినట్టు నటించి, ఈ వారం కథ రాలేదన్నాను. ఆమె అటు పోగానే దాన్ని పొయ్యిలో వేశాను. అలా మూడు సంచికలు. తరువాత అత్త పుస్తకాలు తేవడం మానేసింది.

ఈ మూడు నవలల మీద నా అభిప్రాయం చెప్పాలంటే ఇదంతా చెప్పక తప్పదు. మొదటి నవలంతా కిర్రుమనే తలుపులు, ఆరిపోయే దీపాలే. భయమంటే చప్పుళ్లనుకున్నాడు రచయిత, నాకు ఆవలింతలు వచ్చాయి. రెండోదాంట్లో పడవ మునిగే ఘట్టం నాలుగు పేజీలు, ఎంతో అందంగా రాశాడు. పేజీ తిప్పితే 'పదేళ్ల తరువాత' అని ఉంది. పుస్తకాన్ని గోడకేసి కొట్టాలనిపించింది నాకు. ఆ పదేళ్లు ఎవరు గడిపారయ్యా, ఏం తిని గడిపారు? మూడోది చిన్న పుస్తకం. మొదటి పేజీలోనే పడవ మునిగి మనిషి పోతాడు. మర్నాడు ఆమె బియ్యం కడుగుతూ, అలవాటుగా అతని వంతు కూడా పోశానని చూసుకుంటుంది. అక్కడినుంచి పుస్తకమంతా ఆమెదే. దాన్ని సంచిలో వేసుకుని, నెల్లూరు చివర కూతురి దగ్గరుంటున్న అత్త ఇంటికి పోయాను.

ఎనభై దాటినా అత్తకు చెవులు బాగానే ఉన్నాయి. సముద్రపు పల్లెలో ఆడపిల్లలు ఇప్పుడు ఎవరికీ ఏమీ చదివి పెట్టడం లేదని, మా తాటాకు పంచ ఉన్నచోట రొయ్యల చెరువు వచ్చిందని కాసేపు చెప్పి, చివరికి, కథ రాలేదన్నది అబద్ధమని, పత్రికలు పొయ్యిలో వేశానని ఒప్పుకున్నాను.

"బూడిదలో బొమ్మల కాయితాలు చూసినాలే. బయపడినావని గమ్మునుండినా," అంది అత్త.

నేను ఏడ్చాను. కాసేపటికి పుస్తకం తీసి మొదటి పేజీ తెరిచాను. ఆ మాట అక్కడే ఉంది. పదేళ్ల వయసులోలాగే చదువుతూ ఆగిపోయాను. అత్త తన చేతిని పేజీ మీద పెట్టింది.

"మనోళ్లెవురన్నా సంద్రంలో ఉండారా?"

లెక్కపెట్టుకున్నాను. తమ్ముడు రొయ్యల చెరువుల దగ్గర, అత్త అల్లుడు కృష్ణపట్నంలో కంపెనీ బస్సు నడుపుతూ, మనవళ్లు ఆఫీసుల్లో. పడవ అమ్మేసి ఎన్నేళ్లయిందో.

"ఎవురూ లేరత్తా."

అత్త పేజీ మీదనుంచి చెయ్యి తీసింది.

"అయితే చదువు."