మాస్టారూ, ఆయన బైకార్బనేటూ

మా కెమిస్ట్రీ మాస్టారు మొన్న గురువారం పోయారు. క్యాన్సర్‌తో పోయారని చాలామంది అనుకుంటున్నారు. నేనొప్పుకోను. క్యాన్సర్‌ని ఆయన తొమ్మిదేళ్ల కిందటే వదిలించుకున్నారు. డాక్టర్లు మూత్రాశయం తీసేసి, ఆయన పేగుముక్కతోనే కొత్తది కుట్టారు. గండం గడిచిందని అందరం దండం పెట్టుకున్నాం.

ఆ తర్వాతి సంగతి ఎవరూ చెప్పలేదు. మూడో ఏడు నుంచి ఆయనకి అన్నం సహించేది కాదు. వన్ టౌన్‌లో తన ఇంటి మెట్లెక్కితేనే ఆయాసం, ఒళ్లంతా నొప్పులు. వయసన్నాం. ఆయన దగ్గర చదువుకుని, ఆయన పక్కనే పాఠాలు చెప్పే నేనూ అదే అన్నాను. ఆయనా అదే అనుకుని కాలేజీ మానేశారు. రెండేళ్లకి ఒక కొత్త డాక్టరమ్మ రక్తంలో యాసిడ్‌ని అణచే బైకార్బనేట్ ఎంతుందో పరీక్ష చేయించమన్నారు. బాగా పడిపోయి ఉంది.

రిపోర్టు చూసి మాస్టారు నవ్వారు, తర్వాత తనని తానే తిట్టుకున్నారు.

"ముప్పయ్యేళ్లు యాసిడ్, బేస్ అని చెప్పి, నా ఒంట్లో యాసిడ్ పేరుకుంటే వయసనుకున్నానురా! పేగు పేగే. మూత్రాశయంలా కుట్టినంత మాత్రాన పీల్చడం మానదు. మూత్రంలోని యాసిడ్‌ని మళ్లీ రక్తంలోకి పంపుతుంది. దాన్ని అణచడానికి ఒళ్లు తన ఎముకల్నే కరిగించుకుంటుంది."

యాసిడ్‌ని విరిచే సోడా మాత్రలు, పేగు తగ్గినందుకు బి12 ఇంజెక్షన్లు మొదలయ్యాక కోలుకుని మళ్లీ క్లాసుకొచ్చారు. చొక్కా జేబులో సుద్దముక్కలు, మాత్రలు కలిసే ఉండేవి. ఏది ఏదో వెలుతురుకి ఎత్తి చూసి మరీ నోట్లో వేసుకునేవారు. బైపీసీ పిల్లలకి తన రిపోర్టునే బోర్డు మీద లెక్కగా ఇచ్చారు. ప్రిన్సిపాల్‌గారు నసిగారు.

"ఆడపిల్లలు కూడా ఉన్నారు కదండీ, క్లాసులో ఈ మూత్రం గొడవెందుకు?"

"రేపు డాక్టర్లయ్యేది వీళ్లేనండీ. ఇంకెవరికి చెప్పమంటారు?"

ఏటా ఆ లెక్క ఇస్తూనే ఉన్నారు. ఆయన మొండితనం మీద స్టాఫ్ రూములో జోకులేసుకున్నాం. అందుకిప్పుడు సిగ్గుపడుతున్నాను.

కరిగిన ఎముక మాత్రం తిరిగి రాలేదు. పోయిన నెల బాత్రూములో జారితే తుంటి విరిగింది, ఇక మంచం మీంచి లేవలేదు. వయసనుకుని పోగొట్టుకున్న ఆ రెండేళ్ల సంగతి తలచుకుంటే నాకిప్పటికీ కోపమే. ఆపరేషన్ అంత బాగా చేసినవాళ్లు, ఈ ఒక్క రక్తపరీక్ష గురించి చీటీ మీద రాసిస్తే చేతులరిగిపోయేవా?

ఆయన్ని ఆఖరుసారి చూసింది ఆస్పత్రిలో. పక్క మంచం మీద గన్నవరం నుంచి వచ్చిన రైతు, మూత్రాశయానికి అదే ఆపరేషన్ అయినాయన, కాళ్లు పీకుతున్నాయని మూలుగుతున్నాడు.

"వయసు కదండీ," అంది డ్యూటీ డాక్టరమ్మాయి.

మాస్టారు మోచేతి మీద లేచారు. "ఆయనకి బైకార్బనేట్ చూశారా అమ్మా?"

"రేపు రౌండ్స్‌లో అడుగుదామండీ."

"రేపు కాదమ్మా, ఇప్పుడే."

పడుకోండి సార్ అంటే నా మాట వినలేదు. ఆ అమ్మాయి విసుక్కుంటూనే సూది తెచ్చింది. పక్క మంచం ఆయన రక్తం ట్యూబులోకెక్కి, ఆ ట్యూబు వార్డు తలుపు దాటేదాకా చూసి, అప్పుడు వెనక్కి వాలారు.