షమ్మా కోసం ఎడారిలో ఒక శుక్రవారం

దోహాలో డేగల్ని ఆడించడం నేర్చుకోవాలనుకునేవారికి ముందే చెబుతున్నాను: మొదటి పాఠం కుదురుగా కూర్చోవడం. మా ఆఫీసులో పనిచేసే నాసర్, అబూ హమూర్‌లోని తన ఇంట్లో, అతిథుల గదిలో, షమ్మా అనే ఆడడేగను నెల రోజులపాటు నా ఎడమ చేతి మీద నిలబెట్టాడు. చుట్టూ కబుర్లు సాగుతుంటే, కాఫీ కప్పులు తిరుగుతుంటే అది మనుషులకు అలవాటు పడాలట. అది త్వరగానే అలవాటు పడింది. నోరు మూసుకుని కూర్చోవడానికి నాకే ఎక్కువ రోజులు పట్టింది.

శుక్రవారం తెల్లవారుజామున అల్ ముంతజాలో మా ఇంటి ముందు నాసర్ బండి ఆగింది. నడిపేది నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన రాజన్న. ఇన్నాళ్లూ కాలికి పొడవాటి తాడు కట్టి ఎగరేసిన షమ్మాను ఆ రోజు మొదటిసారి తాడు లేకుండా వదలబోతున్నాం. ఎర చూపి పిలవాల్సింది నేను. రాకపోతే ఇక పోయినట్టేనని నాసర్ అన్నాడు. ఆ పక్షి మీద అతనికున్న బెంగ నాకు తెలుస్తూనే ఉంది.

ఉత్తరంగా గంట ప్రయాణించి పెట్రోలు బంకు దగ్గర ఆగాం. చలికాలమైతేనే ఈ దారి పట్టండి, స్వెటర్ మరిచిపోవద్దు. నాసర్ నమాజుకు, రాజన్న కరక్ చాయ్‌కి వెళ్లారు. నేను వెనక సీట్లో చపాతీల పొట్లం విప్పాను. పక్కనే షమ్మా. కళ్లకు తోలు టోపీ ఉంది కాబట్టి అది నన్ను చూడటం లేదు. అయినా నాకు ముద్ద దిగలేదు. పక్కవాళ్లను పస్తుంచి తినడం మా ఇంట్లో ఎరగం. ఎర కోసం నాసర్ తెచ్చిన డబ్బాలోంచి నాలుగు కౌజుపిట్ట మాంసం ముక్కలు తీసి దానికి పెట్టాను.

ఏడింటికి గులకరాళ్ల ఎడారి చేరాం. నాసర్ టోపీ తీశాడు. నేను దూరంగా నిలబడి ఈకల ఎర తిప్పుతూ పిలిచాను. షమ్మా నేలను రాసుకుంటూ వచ్చి, నా తల మీదుగా దూసుకుపోయి, పైకి లేచింది. ఎరను మరిచిపోయి నోరు తెరుచుకుని చూశాను. అంత అందం నా జీవితంలో చూడలేదు. చూస్తుండగానే చుక్కంతై, మాయమైంది.

అప్పుడు చెప్పాను ముక్కల సంగతి. నాసర్ కోప్పడలేదు. కడుపు నిండాక దానికి మనతో పనుండదని చెప్పి, మొహం తిప్పుకుని బండెక్కాడు.

"ఇంటికొచ్చిన సుట్టమనుకున్నరా మేడమ్, గట్ల కొసరి కొసరి పెట్టిన్రు?" అన్నాడు రాజన్న. నవ్వు రాలేదు.

తోకకు కట్టిన ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ వస్తూ పోతూ మమ్మల్ని పగలంతా తిప్పింది. పొద్దు వాలే వేళకు ఒక దిబ్బ మీద షమ్మా కనిపించింది. అలవాటైన చేయి నాదే కాబట్టి నన్నే వెళ్లమన్నాడు నాసర్. నిలబడి వెళ్తే ఎగిరిపోతుంది. మాంసం ముక్క పిడికిట్లో పట్టుకుని మోకాళ్ల మీద వెళ్లాను. ఆ నల్లటి కళ్లలో చుట్టరికం లేదు, భయమూ లేదు. చేయి చాపి కదలకుండా కూర్చున్నాను. చాలాసేపటికి ఒక కాలు నా చేతితొడుగు మీద పెట్టింది. తర్వాత రెండోది. నాకు ఏడుపొచ్చింది.

తిరుగు దారిలో "మిమ్ముల గుర్తువట్టింది మేడమ్" అన్నాడు రాజన్న. ఆ మాట నేను ఇంగ్లీషులో చెబితే నాసర్ తల అడ్డంగా ఊపాడు. "ఆకలేసి వచ్చింది. ప్రేమ అనుకోవద్దు."

అనుకోలేదు. అంత ఆకాశం ఉండగా తనంతట తాను నా చేతి మీదికి దిగింది, అదే నాకు గొప్ప. అల్ ముంతజాలో దిగేటప్పుడు షమ్మాను నాసర్‌కి అందించాను. చేయి ఒక్కసారిగా తేలికైపోయింది. ఆ తేలిక నాకు ఏమాత్రం నచ్చలేదు.