నిమిషానికి తాళం పడే డబ్బీ

మొన్న ఆదివారం పొద్దున ఫోనులో ఒక సందేశం వచ్చింది. ఒకప్పుడు మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లంతా కలిసి పెట్టుకున్న గ్రూపులో. అప్పటి మా మేనేజరుగారికి తిరుపతిలో ఏదో కల్యాణమండపంలో సన్మానమట. శాలువా కప్పుతారట, ఒక ప్రత్యేక సంచిక కూడా వేస్తారట, ఆయన కింద పనిచేసినవాళ్లు తలా రెండు మంచి మాటలు రాసి పంపాలట. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆయన గదిలోంచి ఎర్రబడ్డ మొహంతో బయటికొచ్చి గోడచాటున బూతులు తిట్టినవాడే ఇప్పుడు ‘దూరదృష్టి గల అధికారి’ అని రాశాడు. ఇంకొకడు ‘మన జిల్లా మామిడికి కంప్యూటర్ యుగం తెచ్చిన మహానుభావుడు’ అన్నాడు. ఆ మాట దగ్గర నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. తెచ్చాడు, నేను కాదనను. ఏం తెచ్చాడో, అది నా దగ్గర్నుంచి ఏం పట్టుకుపోయిందో రాద్దామని కూర్చున్నాను. వేసుకుంటే వేసుకోనీ, లేకపోతే మానీ.

నేను ఆ ఫ్యాక్టరీకి కాయలు కొనిపెట్టే మనిషిని. మే నెల చివర్లో మొదలుపెట్టి తోతాపురి కాయ అయిపోయేదాకా పూతలపట్టు చుట్టుపక్కల మండీల్లోనే నా బతుకంతా. తెల్లవారేసరికి ట్రాక్టర్లు వరసకట్టేవి. కాయల మీద పరిచిన వరిగడ్డి వాసన, తొడిమ దగ్గర కారే జీడి ఘాటు, డీజిల్ పొగ, ఇడ్లీ ఆవిరి అన్నీ కలిసి ఒకటే వాసనగా ఉండేవి. నా చొక్కాలు ఎన్ని ఉతికినా ఆ వాసన పోయేది కాదు. మా ఇంటావిడ ఆ రెండు నెలలూ నా బట్టలు వేరే తాడు మీద ఆరేసేది.

అక్కడ బేరం నోటితో జరిగేది కాదు. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా నిలబడి, చేతులు కలిపి, పైన తుండుగుడ్డ కప్పుకుంటారు. ఆ గుడ్డ కింద వేళ్లు మాట్లాడుకుంటాయి. ఒక వేలు పట్టుకుంటే ఒక లెక్క, కణుపు నొక్కితే ఇంకొక లెక్క, పిడికిలి మొత్తం పట్టుకుంటే మరొకటి. చుట్టూ ఎంతమంది ఉన్నా ఆ ఇద్దరికి తప్ప ధర ఎవరికీ తెలియదు. పైన మాత్రం వానల గురించో, ఎవరింట్లోనో పెళ్లి గురించో కబుర్లు నడుస్తుంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు వీళ్లేదో స్నేహంగా చేతులు పట్టుకున్నారనుకుంటారు. ఈ పద్ధతికి ఒక్కటే కట్టుబాటు. బేరం కుదిరినా కుదరకపోయినా తుండు ఇద్దరూ కలిసి తియ్యాలి. మధ్యలో ఒకడు చెయ్యి లాక్కున్నాడంటే, నీ సరుకు మీదా నీ మాట మీదా నాకు నమ్మకం లేదని పదిమందిలో చెప్పినట్టు. అంతకంటే చెంపమీద కొట్టినా నయం.

ఆ మండీలో నా మొదటి బేరం ఏ ఏడైనా మా మేనమామతోనే. మా అమ్మకు తమ్ముడు. రెండు తోటలుండేవి, ఊరి పక్కన దిగువతోట, గుట్టవారన పైతోట. నాకు వేళ్ల లెక్క నేర్పింది ఆయనే, నా చిన్నప్పుడు, భోజనాలయ్యాక అరుగు మీద తన పంచె కొంగు కప్పి. లెక్క తప్పితే చిటికెన వేలు మెలిపెట్టేవాడు. నేను ఉద్యోగంలో చేరిన ఏడు, బోణీ లోడు నా చేతికే ఇస్తానని మండీలో అందరికీ వినబడేట్టు అన్నాడు. అప్పట్నుంచి అది ఆనవాయితీ అయిపోయింది. ఆయన బోణీ చేస్తే మిగతా రైతులు నా దగ్గరికి వచ్చేవాళ్లు. నేను నలుగురిలో మనిషిగా నిలబడ్డానంటే ఆ చెయ్యి వల్లే. దీన్ని మించి నాకు ఆ ఉద్యోగంలో ఆస్తి లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఈ మేనేజరు వచ్చాడు. ఎండలోకి రాని మనిషి. వచ్చిన నెలకే మా ఫ్యాక్టరీ ధర ముందే బయటికి పోతోందని కనిపెట్టాడు. మీటింగు పెట్టి, “మన లోపలి మనుషులే చేరవేస్తున్నారు. కొందరికి మండీలో బంధువులు ఉన్నారు,” అన్నాడు. అని నావైపు చూశాడు. గదిలో ఉన్నవాళ్లంతా నావైపు చూశారు. ఆ చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది. నేను లేచి, “సార్, మీ కిటికీ కింద టీ బంకు ఉంది. పొద్దున్నే మీరు హెడ్డాఫీసుకు ఫోనులో అరిచి చెప్పే ధర అక్కడ టీ తాగే దళారులందరికీ వినపడుతుంది,” అన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, “మీరు టాపిక్ మార్చకండి,” అన్నాడు. కిటికీ మూయలేదు. ఆయన ఉన్నంతకాలం ఆ కిటికీ తెరిచే ఉంది.

కిటికీకి తలుపు వెయ్యడానికి బదులు మాకు చేతి కంప్యూటర్లు తెప్పించాడు. బూడిదరంగు డబ్బీ, పెద్ద సబ్బుపెట్టెంత ఉంటుంది. రాయడానికి పక్కన దూర్చిన ఒక పుల్ల. పొద్దున్నే ఆఫీసులో దాన్ని ఒక పీట మీద కూర్చోబెడితే ఆ రోజు ధరలు దానిలోకి దిగేవి. అంతకుముందు ధర మేం బుర్రలో పెట్టుకునేవాళ్లం. ఈయనొచ్చాక తోట తోటకూ కాయ తీపి పరీక్ష చేయించి తోటకొక ధర పెట్టాడు, కాబట్టి బుర్ర చాలదన్నాడు. అంతవరకూ నాకు పేచీ లేదు. పేచీ దానిలో వేయించిన తాళంతో. మద్రాసు నుంచి తెప్పించిన సాఫ్ట్‌వేర్ అది. నిమిషం ముట్టుకోకపోతే తనంతట తనే మూసుకుపోయేది. మళ్లీ తెరవాలంటే పాస్‌వర్డ్ రాయాలి. మూడుసార్లు తప్పు రాస్తే ఇక ఆ రోజుకు తెరుచుకోదు, మేనేజరు దగ్గరికే పట్టుకుపోవాలి. ఆ నిమిషాన్ని పెంచే వీలుందని సాఫ్ట్‌వేర్ పెట్టిన ఆయనే నాతో చెప్పాడు. మేనేజరును అడిగితే పెంచనన్నాడు. “ఇది ఆటోమేటిక్. మనిషి మీద ఆధారపడదు. అదే దీని గొప్పతనం,” అన్నాడు, ఆ డబ్బీని తానే కన్నట్టు నిమురుతూ.

ఆ రాత కూడా సవ్యంగా ఉండేది కాదు. ఇంగ్లీషు ‘ఏ’కి మధ్య అడ్డగీత ఉండకూడదు, తిరగేసిన ‘వి’ లాగా రాయాలి. అక్షరాలు ఎడమపక్క, అంకెలు కుడిపక్క. చేతికి చెమట పట్టినా, వేలికి కాస్త జీడి అంటినా అద్దం మీద గీత మరోలా పడేది. వారానికొక పాస్‌వర్డ్‌ను మేనేజరు ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి గుసగుసగా చెప్పేవాడు. ధర మాత్రం అరిచి చెప్పేవాడు, దీన్ని గుసగుసగా. ఇంట్లో నేను కూర్చుని అభ్యాసం చేస్తుంటే మా ఇంటావిడ తొంగి చూసి, “అదీ మీలాంటిదే. నిమిషం పలకరించకపోతే మొగం తిప్పుకుంటాది,” అంది. పైగా ఒక ఉత్తర్వు కూడా చేతికిచ్చారు. డబ్బీలో చూసుకోకుండా ఎవరైనా బేరం ఖాయం చేస్తే వెంటనే సస్పెండు. నాకు అప్పుడు ఇద్దరు పిల్లలు తిరుపతిలో చదువుతున్నారు.

ఆ ఏడు బోణీ రోజు పడమర మబ్బు పట్టింది. గాలికి వరిగడ్డి లేచిపోతోంది. వాన పడితే కోసిన కాయకు మచ్చలొస్తాయి కాబట్టి అందరికీ తొందరే. మా మామ ట్రాక్టరు దిగి, తలకు చుట్టిన తుండు విప్పి దులిపాడు. “ఏరా అల్లుడా, మొగం అట్ల మాడిపోయిందే? ఏమన్నా తిన్నావా లేదా?” అంటూనే నా కుడిచెయ్యి అందుకుని తుండు కప్పాడు. దిగువతోట ధర నేను అప్పుడే చూసుకుని ఉన్నాను. డబ్బీ ఎడమచేతిలో ఉంది. చుట్టూ ఎప్పటిలాగే జనం, బోణీ ఎట్లా తెగుతుందో చూద్దామని. ఆయన ఒక వేలు పట్టాడు, నేను కణుపు నొక్కాను. పైన మా అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుతున్నాం. దాదాపు కుదిరిపోయింది. అంతలో ఆయన నా చెవి దగ్గరికి వంగి, “పైతోట కాయ గూడా దీంట్లోనే ఏసినాన్రా. దానికీ కలిపి సూసుకో,” అని, ధర కొద్దిగా మార్చి నా వేళ్లు పట్టుకున్నాడు.

పైతోట ధర నాకు గుర్తులేదు. ఎడమచేతిలోకి చూశాను. అద్దం చీకటి. బొటనవేలితో మీట నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది. ట్రాక్టరు మడ్‌గార్డు మీద దాన్ని ఆనించి, ఎడమచేత్తోనే పుల్ల లాగి రాశాను. తప్పంది. మళ్లీ రాశాను. మళ్లీ తప్పంది. ఇంకొక్కసారి తప్పితే ఆ రోజంతా అది శవమే, వరసలో ఉన్న మిగతా రైతులందరూ ఇంకో ఫ్యాక్టరీకి పోతారు. చూడకుండా బేరం ఖాయం చేస్తే నా ఉద్యోగం పోతుంది. మామ వేళ్లు నా వేళ్ల మీద అట్లాగే ఉన్నాయి, ఓపికగా. మబ్బు ఉరిమింది.

“ఒక్క నిమిషం మామా,” అని కుడిచెయ్యి లాక్కున్నాను.

రాశాను. తెరుచుకుంది. పైతోట ధర ఆయన పట్టిన వేళ్లకంటే ఎక్కువే ఉంది. సంతోషంతో తలెత్తి, “నీ మాటే ఖాయం మామా!” అన్నాను. తుండు ఒకవైపే వేలాడుతోంది, మామ చెయ్యి దాని కింద ఇంకా చాపినట్టే ఉంది. వెనకనుంచి ఒక దళారి, “ఏమప్పా, మామ సెయ్యి సురుక్కుమనిందా ఏంది?” అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. మామ తుండు తీసి, నాలుగు మడతలు పెట్టి, భుజాన వేసుకున్నాడు.

“మామా, ఇది చూడు, తాళం పడిపోయింది. దీంట్లో చూసి తీరాలని ఆర్డరు...”

“నీ మాట ఖాయమంటావు. నీ మాట యాడుండాది? ఆ డబ్బీలో ఉండాది,” అన్నాడు నెమ్మదిగా. “ఇన్నాళ్లూ నీ సెయ్యి సాలనుకున్నాను. డబ్బీనడిగి బేరం సేసే పెద్దోళ్లకు సరిపోయే కాయ నా దగ్గర లేదు. పోండి సార్.”

సార్ అన్నాడు. నా ముక్కు చీది పెంచిన మనిషి. అక్కడే, నా కళ్లముందే, పక్క ఫ్యాక్టరీ వాడి చెయ్యి పట్టుకుని తుండు కప్పి, నేనిస్తానన్నదానికంటే తక్కువకు లోడు ఇచ్చేశాడు. తక్కువకే ఇచ్చాడని వాడు మండీ అంతా చెప్పుకున్నాడు. అట్లా చెప్పుకోవాలనే మామ ఇచ్చాడని నాకు తెలుసు. ఆ ఏడు నా దగ్గరికి రావలసిన రైతుల్లో సగం మంది రాలేదు. మేనేజరు పిలిచి, కొనుగోలు తగ్గినందుకు సంజాయిషీ రాయమన్నాడు. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. చదివి, “సాఫ్ట్‌వేర్ సరిగ్గానే పనిచేసింది కదా?” అన్నాడు. ఆ మాట ఆయన హాస్యానికి అనలేదు. నిజంగానే అడిగాడు. అందుకే ఆయన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. హాస్యానికి అని ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి.

కబురు నాకంటే ముందే ఇంటికి చేరింది. మా అమ్మ నాకు అన్నం పెట్టి, పీట ఇంకో గోడవైపుకు లాక్కుని కూర్చుంది. “నా తమ్ముడి సెయ్యి నలుగుర్లో ఇడిసేసినావంట. నీ పెండ్లికి ఆ సేత్తోనే గదరా నిన్ను పీటల మీదికి నడిపించుకొచ్చింది?” అంది. సాఫ్ట్‌వేర్ గురించి ఆమెకు చెప్పబోయాను. నిమిషమనీ, తాళమనీ, ఆటోమేటిక్ అనీ. నా చెవికే అది దొంగసాకులాగా వినిపించింది. కానీ అది సాకు కాదు. ఎవరు నమ్మినా నమ్మకపోయినా ఆ డబ్బీ నాకు రెండు చేతులూ కావాలంది, మా మామకు ఒకటి కావాలి. నాకున్నవి రెండే.

ఇంటికి పోతే మాత్రం ఆయన ఏమీ జరగనట్టే ఉండేవాడు. “రారా అల్లుడా,” అని మంచం మీద పక్కన కూర్చోబెట్టుకునేవాడు, మొదటి పండ్లు గంపతో పంపేవాడు, మా పిల్లల చదువులు అడిగేవాడు. మండీ గేటు దాటితే నేను సార్‌ని. మరుసటి ఏడు నా తుండు నేనే పట్టుకుని ఆయన ట్రాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, “ఈడ ఎండగా ఉండాది సార్, నీడలో నిలబడండి,” అన్నాడు. ఆ మర్యాదకు నాకు ఒళ్లు మండింది. అంతలో మేనేజరు బదిలీ అయి పోయాడు, డబ్బీలూ పోయాయి, ఆ తర్వాత వచ్చినాయన మళ్లీ చేతి మీదే బేరం చేసుకోమన్నాడు. చెయ్యి నాకు తిరిగొచ్చింది. పట్టుకునేవాడే లేడు.

చివరికి నేనే నోరు తెరిచి అడిగాను. నగరిలో మా బంధువుల ఇంట పెళ్లి. పంక్తిలో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. నాకు ఆ పక్క ఎవరూ లేరు. “మామా, ఆ పొద్దు నేను చేసింది నీకు తప్పుగానే ఉందా?” అన్నాను.

“నువ్వు సేసిందేముందిరా. అది మిషను గదా,” అన్నాడు. నిజంగా ప్రేమగానే అన్నాడు.

“అయితే వచ్చే ఏడు బోణీ నాకిస్తావా?”

ఆయన అన్నంలో గుంట చేసి రసం పోయించుకున్నాడు. కలిపాడు. ఒక ముద్ద తిన్నాడు. “ఈ మద్దెన కాపు తగ్గిపోయిందిరా అల్లుడా. అమ్మేదానికి ఏమీ ఉండడంలా,” అన్నాడు.

ఆ వేసవిలో పైతోట పక్కనుంచి బస్సులో పోతూ కిటికీలోంచి చూశాను. కాయ బరువుకు కొమ్మలు విరగకుండా చెట్టు చెట్టుకూ వెదురు బొంగులు పోట్లు పెట్టి ఉన్నాయి. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒక్క నిమిషం మించి ఆగడం చేతకాలేదు, మా మామకు ఆ ఒక్క నిమిషాన్ని దాటి రావడం చేతకాలేదు. ఆ రెండింటి మధ్య నిలబడే నేను ముసలివాణ్ణయిపోయాను.