అంజినప్ప చేసిన ఐదు బ్యూటేన్లు

1979లో, పుంగనూరులో అప్పటికి నాలుగేళ్ళ కిందట వెలసిన ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబుకు ఇద్దరే దిక్కు. ఒకరు కుప్పం నుంచి వచ్చిన లెక్చరరు శాంతకుమారి. రెండోవాడు అటెండరు అంజినప్ప. ఉన్న మూడు బ్యూరెట్లలో ఒకటి కారేది. ఆ లెక్కన చూస్తే పరికరాల కంటే మనుషులే నయం.

అంజినప్పది పెద్దమండ్యం. తాతల కాలం నుంచి బండి చక్రాలు చేసే ఇల్లు. టైరు బండ్లు వచ్చి చక్రాల పని సన్నగిల్లేసరికి ఉలి అటక మీద పెట్టి, పరీక్షనాళికలు కడగడానికి వచ్చాడు. మూడేళ్ళయినా ఇంకా టెంపరరీయే. ఆ మార్చిలో, డిగ్రీలో కెమిస్ట్రీ గ్రూపు ఇవ్వాలో వద్దో తేల్చడానికి కమిటీ వస్తోందని కబురొచ్చింది. గ్రూపు ఇస్తే అంజినప్ప పర్మనెంటు. ఇవ్వకపోతే ల్యాబుకు తాళం, అంజినప్పకు పెద్దమండ్యం బస్సు.

కమిటీ ముందుగా అడిగేది అణువుల నమూనాలనని అందరికీ తెలుసు. మద్రాసులో ఆర్డరిచ్చిన నమూనాలు మాత్రం దారిలో ఎక్కడో సన్యాసం పుచ్చుకున్నాయి.

"అంజినప్పా, కొయ్యతో గుండ్లు తిప్పగలవా?" అంది శాంతకుమారి.

"చక్రాలు తిప్పినోనికి గుండ్లు ఒక లెక్కామ్మా? మా నాయన కొయ్య తిప్పే తరిమెన ఇంకా ఉండాది. ఎన్ని కావాల?"

ఆమె కాగితం మీద గీసి చెప్పింది. పెద్ద నల్లగుండు కార్బను, దానికి నాలుగు చేతులు. చిన్న తెల్లగుండు హైడ్రోజను, దానికి ఒకే చెయ్యి. ఒక కార్బనుకు నాలుగు హైడ్రోజన్లు తగిలిస్తే మీథేను, పేడగుంతలో పుట్టే గోబర్ గ్యాసులో మండేది అదే. కార్బన్లు మూడో నాలుగో చేతులు పట్టుకుంటే సిలిండరు గ్యాసు. ఎనిమిది దాకా పోతే పెట్రోలు, పన్నెండు దగ్గర కిరసనాయిలు, పాతిక దాటితే కొవ్వొత్తి.

అంజినప్ప కాగితం మీద వేలు పెట్టాడు. "పేడ గ్యాసూ కొవ్వొత్తీ ఒకే ఇంటోళ్ళామ్మా?"

"ఒకే ఇల్లే. వరస పొడుగు, అంతే."

కొయ్య లెక్క వేసుకుంటుంటే ఇంకొకటి బయటపడింది. ఎంత పొడుగు వరసకైనా కార్బనుకు రెండేసి చిన్నగుండ్లు, రెండు కొసలకూ చెరొకటి అదనం. నాలుగు కార్బన్లకు పది, పన్నెండింటికి ఇరవై ఆరు. తిరగేసి లెక్కపెట్టినా తప్పలేదు. బండి చక్రానికి కూడా ఇంత నికరమైన లెక్క లేదనుకున్నాడు.

వారం సెలవు పెట్టి వేపకొయ్య తిప్పి, గుండ్లకు రంగు వేసి, కమిటీ వచ్చే ముందురోజు పొద్దున గోనెసంచితో దిగాడు. బల్ల మీద పరిచాడు. ముఖంలో తృప్తి, వెనక కొంచెం గర్వం.

"అమ్మా, మీ బుక్కులో తప్పుండాది. నాలుగు కార్బన్ల బ్యూటేను రెండు రకాలే అని రాసిండారు. నాకు ఐదు వచ్చినాయి."

శాంతకుమారి చూసింది. నాలుగు నల్లగుండ్లు నిలువు గీతలా ఒకటి. కొస వంగింది ఒకటి. మెట్లలా అటూ ఇటూ వంగింది ఇంకొకటి. తొట్టిలా రెండు కొసలూ ఒకే పక్కకు లేచింది నాలుగోది. నడుమ కొమ్మ వేసింది ఐదోది. అన్నీ అప్పడాల్లా బల్లకు అతుక్కుని పడుకున్నాయి.

"ఈ తొట్టి దాంట్లో ఆ రెండు చిన్నగుండ్లు కొంచెం ఒరుసుకుంటాండాయి," అని అంజినప్ప నిజాయితీగా ఒప్పుకున్నాడు. "చెక్కి సర్దినా."

జరిగిన పొరపాటు చక్రాల ఇంటివాడు తప్ప మరెవరూ చెయ్యలేనిది. చక్రం నడిమి బొడ్డుకు ఆకులు ఎలా దిగుతాయో, ప్రతి కార్బనుకూ నాలుగు బెజ్జాలూ అలాగే, ఒకే మట్టానికి, సరిగ్గా నాలుగు దిక్కులకు కొట్టాడు. కాగితం మీది బొమ్మా అదే చెప్పింది పాపం.

శాంతకుమారి కుర్చీ లాక్కుని ఒక నల్లగుండు చేతిలోకి తీసుకుంది. రేపు పదకొండుకు మదనపల్లె నుంచి కమిటీ కారు. ఆమె అడిగింది.

"పల్లేరుకాయ తొక్కినావా ఎప్పుడైనా?"

"తొక్కనోడు మా పక్క ఉండాడామ్మా?"

"అది ఎట్లా పడినా ఒక ముల్లు పైకే యాల లేచి ఉంటాది?"

అంజినప్ప కాలి వేళ్ళు ముందు జవాబిచ్చాయి, అవి ముడుచుకున్నాయి. నోరు తర్వాత తెరుచుకుంది. "ఒకే మట్టంగా ఉండవు కాబట్టి. మూడు నేలకు, ఒకటి ఆకాశానికి."

"కార్బనూ అంతే. నాలుగు చేతులూ ఒకదానికొకటి ఎంత ఎడంగా ఉండగలవో అంత ఎడంగా పెట్టుకుంటాది. పైగా చేతులు పట్టుకున్నోళ్ళు అక్కడికక్కడే గిర్రున తిరగొచ్చు."

అంజినప్ప పాత బెజ్జాలు లక్కతో పూడ్చి, బరమా పట్టుకుని కొత్తవి తొలిచాడు. మధ్యాహ్నానికి ఒక కార్బను ముక్కాలిపీట మాదిరిగా బల్ల మీద నిలబడింది. నాలుగో చెయ్యి పైకి. ఎటు దొర్లించినా మళ్ళీ అదే నిలుపు.

తర్వాత బ్యూటేన్లు మళ్ళీ కూర్చాడు. వంగినదాన్ని గుండ్లను కలిపే పుల్ల దగ్గర పట్టి తిప్పాడు, అది మెట్లదైంది. ఇంకొంచెం తిప్పాడు, తొట్టిదైంది. ఏ పుల్లా ఊడదీయకుండానే ఒకటి ఇంకొకటిగా మారిపోతోంది. నాలుగు రకాలూ అతని చేతుల్లోనే ఒకటైపోయాయి. కొమ్మ వేసింది మాత్రం ఎంత తిప్పినా వరసలోకి రాలేదు. వాటిని చెరొక అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. రెండు. బుక్కులో రాసింది రెండే.

"అన్నీ అవే గుండ్లు కదమ్మా రెండింట్లోనూ?"

"అవే. అయినా వరసది మంచు చల్లదనానికే గ్యాసు పోయి నీళ్ళలా దిగుతాది. కొమ్మది ఇంకో పన్నెండు డిగ్రీలు చలి పెడితేగానీ లొంగదు."

ఒకే మానులో మంచమూ బెంచీ చెయ్యడం అంజినప్పకు తెలుసు. కంటికి ఆనని చోట ఎవరో అదే పని చేస్తున్నారంటే నమ్మలేక, రెండు అరచేతులూ ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు.

మరునాడు కమిటీలో పెద్దాయన, నెరిసిన జుట్టు ప్రొఫెసరు, నమూనాలు చూసి కనుబొమలు ఎగరేశాడు. "హెక్సేన్లు ఎన్నయ్యా?" అని లెక్చరరును వదిలేసి అటెండరును అడిగాడు. ప్రిన్సిపాలు కళ్ళు మూసుకున్నాడు.

అంజినప్ప ఆరు కార్బన్లతో ఐదు కూర్చి వరసగా నిలబెట్టాడు.

"ఆరోది చెయ్యి."

అంజినప్ప కూర్చాడు. తిప్పాడు. మూడో దాని పక్కన పెట్టి చూశాడు. విప్పేశాడు. "లేదు సార్. ఇది ముందు చేసిందే. పడుకున్నోడు పక్కకు తిరిగి పడుకుంటే వేరే మనిషి అవుతాడా?"

ప్రొఫెసరు నవ్వాడు, అది కమిటీ చరిత్రలో అరుదని తోటివాళ్ళ ముఖాలు చెప్పాయి. పెన్ను తీశాడు. "కిరసనాయిల్లో పన్నెండు కార్బన్లకు ఎన్ని రకాలో తెలుసునా? మూడువందల యాభై ఐదు," అంటూ కాగితం మీద గ్రూపు ఇవ్వవచ్చునని రాసి సంతకం పెట్టాడు.

కారు కదిలాక ప్రిన్సిపాలు పరుగున వచ్చాడు. "రేయ్ అంజినప్పా, గ్రూపొచ్చింది! నీ ఉద్యోగం గట్టిపడిందిరా!"

అంజినప్ప తలెత్తలేదు. పన్నెండు నల్లగుండ్లు దగ్గరికి లాక్కుని శాంతకుమారి వైపు చూశాడు.

"మూడువందల యాభై ఐదామ్మా? మన లాంతర్లోనా?"