లెక్కలోకి రాని నెల

మా గుడివాడ భజన మండలి ఏటా భాద్రపద పౌర్ణమికి ముగిసేలా ఏడు రోజుల పురాణ పారాయణం పెడుతుంది. ఏడు రోజులూ చదివేది ఒక్కరే. ఆ ఒక్కరూ ఎవరో ఉగాదినాడే తేల్చేస్తారు, గొంతుకీ నియమానికీ సాధన కావాలి గనక. ఎన్నో ఏళ్లు చదివేవాళ్ల పక్కన కూర్చుని పుటలు తిప్పాను నేను. ఆ ఏడు ఉగాదికి నన్నే చదవమన్నారు. వైరాగ్యం మీద నాకు చాలా పద్యాలు నోటికి వచ్చు. ఆ పూట ఒక్కటీ గుర్తు రాలేదు.

మండలి కార్యదర్శి రిటైరైన టీచరుగారు. ఆవిడ ఒకే ప్రశ్న వేసింది.

"మీ కోడలు నీళ్లోసుకుందన్నారు కదండీ. పురుడెప్పుడు?"

న్యాయమైన ప్రశ్నే. ఇంట్లో బిడ్డ పుడితే పదకొండో రోజు స్నానం అయ్యేదాకా మేము పూజ చెయ్యం, పుస్తకం ముట్టుకోం. ఈ పట్టింపులో మండలి మొత్తం మీద నాకంటే గట్టివాళ్లు లేరు. అంతకు ముందు ఏడు ఎదురింటి అక్కయ్యగారు ఒక్క పూటయినా చదవాలని ముచ్చటపడి, మండలిని ఒప్పించుకుని, పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఆ పొద్దున్నే ఆవిడ మరిది కొడుక్కి పిల్ల పుట్టిందని ఫోనొచ్చింది. "పురుట్లో ఉన్నారు, గడప బయట కూర్చుని వినండి అక్కయ్యగారూ" అన్నది నేనే.

అందుకని అందరి ముందూ వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టాను. కోడలికి మాఘంలో నెల తప్పింది. మాఘం ఒకటి, ఫాల్గుణం రెండు, చైత్రం మూడు, అలా ఆషాఢానికి ఆరు. ఆ ఏడు శ్రావణాలు రెండు, ముందు అధిక శ్రావణం, తర్వాత నిజ శ్రావణం. మూడేళ్లకో మాటు ఇలా ఒక నెల అదనంగా పడుతుంది. అందులో పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు. ముహూర్తాలకి నెలలు లెక్కపెట్టేటప్పుడు మా ఇళ్లల్లో దాని మీద వేలు పెట్టం. చిన్నప్పటి అలవాటు, వేలు దానంతటదే దాటేసింది. నిజ శ్రావణం ఏడు, భాద్రపదం ఎనిమిది, ఆశ్వయుజం తొమ్మిది.

"దసరా వెళ్లాకేనండీ" అన్నాను.

హాల్లో ఉన్నవాళ్లంతా ఎవరి వేళ్ల మీద వాళ్లు సరిచూసుకుని తలలూపారు. ఒక్కరూ తప్పు పట్టలేదు. అందరం ఒకే బళ్లో చదువుకున్నవాళ్లం మరి.

కొడుకూ కోడలూ బందర్లో ఉంటారు. "స్కానింగులో సెప్టెంబరు ఆఖరని వచ్చింది అత్తయ్యగారూ" అని కోడలు ఫోన్లో చెప్పనే చెప్పింది. స్కానింగు మిషనుకి తిథులేం తెలుసు అనుకున్నాను. డాక్టర్లు ఎందుకైనా మంచిదని కాస్త ముందు చెప్పి పెడతారని కూడా అనుకున్నాను. ఆ రెండూ అనుకున్నాక ఇక క్యాలెండరు చూడాల్సిన పని కనపడలేదు.

అధిక శ్రావణం వచ్చింది. మండలిలో రోజూ సాయంత్రం విశేష పూజ. ఈ నెలలో చేసిన జపానికి ఫలం రెట్టింపని భక్తులకి వివరించి చెప్పింది కూడా నేనే. ముహూర్తాలకి లేని నెల పుణ్యానికి ఎలా ఉంటుందని ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు.

ఒకరోజు అవనిగడ్డలో ఉండే వియ్యపురాలు ఫోను చేసింది. కూతుర్ని చూడటానికి బందరు వచ్చిందట.

"వదినగారూ, అమ్మాయికి ఏడో నెల పడింది. సీమంతం ఎప్పుడు పెట్టుకుందాం?"

"అప్పుడే ఏడెక్కడ వదినగారూ? అధికం లెక్కలోకి రాదుగా. నిజ శ్రావణంలో చూద్దాం."

ఫోను స్పీకర్లో ఉన్నట్టుంది. వెనక నుంచి కోడలు నవ్వుతూ అంది. "ఈ నెల లెక్కలోకి రాదని లోపలున్నవాళ్లకి ఎవరు చెప్తారు అత్తయ్యగారూ?"

ఫోను చెవి దగ్గర అలాగే ఉంచుకుని, రెండో చేత్తో మళ్లీ కణుపులు లెక్కపెట్టాను. అధికం మీద వేలు పెడితే తొమ్మిదో నెల భాద్రపదం. భాద్రపదంలోనే పారాయణం. అప్పటికే కరపత్రాలు నా పేరుతో అచ్చయి ఊరంతా అంటించారు కూడా.

టీచరుగారు ధైర్యం చెప్పింది. "తొలి కాన్పు కదండీ, నాలుగు రోజులు అటే జరుగుతుంది."

బిడ్డ కోసం మొక్కుకునేవాళ్లని ఎంతోమందిని చూశాను. బిడ్డని పౌర్ణమి దాకా ఆపమని మొక్కుకున్నది మాత్రం మా మండలిలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. తులసి కోట దగ్గర దీపం పెట్టి చాలా భక్తిగానే మొక్కుకున్నాను. దేవుడు విన్నాడనే నా నమ్మకం. వినడం వేరు, ఒప్పుకోవడం వేరు.

పారాయణం మొదటి రోజు పొద్దున పట్టుచీర కట్టుకుని పీట మీద కూర్చున్నాను. పురోహితుడు అక్షతలు సర్దుకుంటున్నాడు. ఇంకో రెండు నిమిషాల్లో సంకల్పం. సంకల్పం చెప్పుకున్నాక పురుడొచ్చినా వ్రతానికి అడ్డం కాదు, దానికి శాస్త్రం ఉంది. కబురు చెవిన పడేదాకా పురుడు అంటదని కూడా పెద్దలు చెప్తారు. సరిగ్గా అప్పుడు ఒళ్లో ఫోను వణికింది. మా అబ్బాయి.

టీచరుగారు వంగి చెవిలో అంది. "ఎత్తకండి. సంకల్పం కానివ్వండి, తర్వాత ఎంతసేపైనా మాట్లాడుకోండి."

పుటలు తిప్పడానికి నా పక్కన కూర్చున్నది ఎదురింటి అక్కయ్యగారే. పుస్తకం మీంచి తలెత్తకుండా, "ఎత్తకపోయినా దోషం లేదులెండి, మీకు శాస్త్రం తెలుసు. నాకప్పుడు తెలియక ఎత్తేశాను" అంది.

ఫోను ఆగింది. శాస్త్రం నా పక్షాన ఉంది, మండలి నా పక్షాన ఉంది. పురోహితుడు గొంతు సవరించుకున్నాడు. ఫోను మళ్లీ వణికింది. ఒకసారి ఎత్తకపోతే పూజలో ఉన్నానని వాడికి తెలుసు. తెలిసీ మళ్లీ చేస్తున్నాడంటే అక్కడ ఆ పిల్ల ఎలా ఉందో. ఆ ఆలోచన వచ్చాక ఏ మంత్రమూ నోట పలికేట్టు లేదు. ఎత్తాను.

"అమ్మా, పాప. ఇద్దరూ బాగున్నారు."

పీట మీంచి లేచాను. పుస్తకానికి చెయ్యి తగలకుండా దూరం నుంచే చూపించి, "మీరు చదవండి అక్కయ్యగారూ" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నా మొహం చూసింది. "గడప బయట కుర్చీ వేయించనా?"

"వద్దులెండి. బందరు బస్సుంది."

అన్నానే గానీ, వరండాలో చెప్పుల మధ్య కాసేపు నిలబడ్డాను. ఆవిడ మొదటి పద్యం ఎత్తుకుంది. బాగా చదువుతోంది. అంత బాగా చదవకపోయినా నాకేం అభ్యంతరం ఉండేది కాదు.

కృష్ణుడు పుట్టే ఘట్టం నాడు హాల్లో చిన్న ఉయ్యాల కట్టి బొమ్మని ఊపుతారు. అది నా చేత్తో ఊపాలని ఎన్నాళ్లుగానో ఉండేది. ఆ పూట అక్కయ్యగారు నాకు వినిపించాలని ఫోను మైకు దగ్గర పెట్టించింది. నేను బందర్లో కోడలి మంచం పక్కన, మనవరాలిని ఒళ్లో వేసుకుని ఉన్నాను. అది గుక్కపట్టి ఏడుస్తూనే ఉంది. ఒక్క పద్యం వినపడలేదు. దాన్ని ఊపుతూనే, అక్కడ ఉయ్యాల తాడు ఎవరు పట్టుకున్నారోనని ఆలోచించాను. మనిషి మనసు అంత నీచమైంది, ఎన్ని సప్తాహాలు విన్నా.

ఘట్టం అయ్యాక టీచరుగారు ఫోను తీసుకుంది. "వచ్చే ఏడు మీరేనండీ, మాట ఇస్తున్నాం. కానీ మీ చిన్నబ్బాయికి సంబంధాలు చూస్తున్నారట కదా. పెళ్లెప్పుడో, ఆ తర్వాత సంగతులెప్పుడో ఒకసారి లెక్క చూసి చెప్పండి."

కణుపుల మీదికి పోబోతున్న బొటనవేలిని ఆపుకున్నాను.

"ఉండండి, మా కోడలికిస్తాను" అన్నాను.